కండను మిగిల్చిన కత్తి

ఆపరేషన్‌కు ముందు ఆమెను పడుకోబెట్టరు, నిలబెడతారు. సర్జన్ ఎదురుగా స్టూలు మీద కూర్చుని చర్మం మీద పెన్నుతో గీతలు గీస్తాడు. మెడ గుంట నుంచి బొడ్డు దాకా నిలువుగా ఒకటి. రొమ్ము కింది మడత వెంట అటూ ఇటూ ఒక్కో వంపు. ఆ తరువాత పొట్ట మీద ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా రెండు అడ్డగీతలు, ఒకటి బొడ్డుకు కాస్త పైన, ఇంకోటి పొత్తికడుపు అడుగున. కొసలు రెండూ కలిసి కోలగా ఒక ఆకారం వస్తుంది. పడుకుంటే రొమ్ము పక్కకు జారుతుంది, పొట్ట చదునవుతుంది, మడత ఎక్కడుండాలో తెలియకుండా పోతుంది. అందుకే నిలబెట్టడం. గీతలయ్యాక పొట్ట చర్మాన్ని రెండు చేతులతో పట్టి దగ్గరికి లాగి చూస్తాడు. ఇంత తీసేస్తే పైదీ కిందిదీ కలుస్తాయా అన్నది ఆయన లెక్క.

ఆ కోల గీత లోపలి చర్మం, కొవ్వు మరికొన్ని గంటల్లో ఆమె ఛాతీ మీద రొమ్ము అవుతాయి. క్యాన్సర్ వచ్చి రొమ్ము తీసేసిన చోట, సొంత ఒంట్లోంచే తెచ్చి కట్టే ఈ పని పేరు డీఐఈపీ ఫ్లాప్. వైద్యులు నోటితో 'డీప్' అనేస్తారు. మన దేశంలో రొమ్ము క్యాన్సర్ పాశ్చాత్య దేశాల కంటే సుమారు పదేళ్లు ముందే వస్తోంది. అంటే ముప్పైల్లో ఉన్నవాళ్లు, ఒక్క బిడ్డను కని ఇంకొకరు కావాలనుకుంటున్నవాళ్లు, అసలు ఇంకా కననివాళ్లు కూడా ఈ బల్ల ఎక్కుతున్నారు. రొమ్ముకు సరుకు ఇచ్చే పొట్టే రేపు బిడ్డనూ మోయాలి. ఒకే పొట్టను రెండు పనులు అడుగుతున్నాం. ఈ రెండో పని గుర్తుంచుకుని మొదటి పని చేసే తీరే ఈ వ్యాసానికి విషయం.

జగిత్యాల జిల్లా ధర్మపురి, కోరుట్ల వైపు ఈ సంగతి చెబితే ఇంట్లో పెద్దవాళ్ల నోట మొదట వచ్చే మాట ఒకటే: "పొట్ట కోసినంక కాన్పు ఎట్లయితది బిడ్డా?" తేలిగ్గా తీసేసే మాట కాదిది. సంతానం కోసం వేములవాడ రాజన్నకు కోడె మొక్కు మొక్కే నేల ఇది. నలభై ఏళ్ల కిందట ఈ తరహా ఆపరేషన్ చేసిన సర్జన్లకు ఆ పెద్దమ్మ ప్రశ్న గట్టిగానే తగిలి ఉండేది.

రొమ్మును తిరిగి కట్టాలన్న ఆలోచన పాతది. 1906లోనే ఇటలీ వైద్యుడు ఇజీనియో తాన్సీని, రొమ్ము తీసిన గాయాన్ని వీపు కండతో, దాని మీది చర్మంతో కప్పే పద్ధతి చెప్పాడు. అయితే అది అమెరికాలో సర్జన్ హాల్‌స్టెడ్ మాట వేదంగా చెల్లుతున్న కాలం. రొమ్ముతోపాటు ఛాతీ కండలను, చంకలోని గ్రంథులను ఊడ్చేయాలి, ఆ గాయం మీద తిరిగి కట్టడాలేవీ వద్దు అన్నది ఆయన పంథా. తాన్సీని పని దశాబ్దాలపాటు మూలపడింది. 1979లో స్వీడన్‌లో హోల్మ్‌స్ట్రామ్, పొట్ట తగ్గించే ఆపరేషన్లో పారేసే చర్మంతో, కొవ్వుతో రొమ్ము కట్టవచ్చని చూపాడు. 1982లో అట్లాంటాకు చెందిన కార్ల్ హార్ట్రాంఫ్ అదే సరుకును మరో దారిలో పంపాడు. కొవ్వును ఒంటి నుంచి తెంపకుండా, దాని కింద ఉన్న నిలువు కండతో సహా లేపి, ఛాతీ దాకా చర్మం కింద సొరంగం చేసి పైకి తిప్పాడు. రక్తం కండ గుండా నడుస్తుంది కాబట్టి నాళాలు కుట్టే పని లేదు, మైక్రోస్కోపు అవసరం లేదు. ట్రామ్ ఫ్లాప్ అన్న పేరుతో ప్రపంచమంతా అది పాకింది.

దానికి చెల్లించిన ధర కండ. పక్కటెముకల నుంచి కిందికి, బొడ్డుకు అటొకటి ఇటొకటిగా రెండు పట్టీలుంటాయి మనకు. మంచం మీంచి చేతులు ఆనించకుండా లేవగలగడం వాటి పుణ్యమే. గర్భం పెరుగుతుంటే ఈ పట్టీలు పక్కలకు జరుగుతాయి, నడిమధ్యనున్న తెల్లటి గీత సాగుతుంది, కాన్పు తరువాత నెలలు గడిచేకొద్దీ మళ్లీ దగ్గరవుతాయి. అందులో ఒక పట్టీని పైకి తిప్పేస్తే ఆ జాగాను తరచుగా ప్లాస్టిక్ జాలీ వేసి మూస్తారు. అయినా కొందరికి పొట్ట ఆ వైపు ఉబ్బుతుంది, కొందరికి హెర్నియా వస్తుంది. హార్ట్రాంఫ్ పనిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. లక్షల మందికి ఒక దారి చూపినవాడు. కానీ ఆ పని బిడ్డ కావాలనుకునే పొట్టను మనసులో పెట్టుకుని పుట్టింది కాదు.

మలుపు జపాన్‌లో వచ్చింది. 1989లో ఇసావో కోషిమా, సొయెడా కలిసి ఒక చిన్న పత్రం రాశారు. అదే పొట్ట చర్మాన్ని కండ లేకుండా, ఒక్క సన్నటి రక్తనాళం మీద బతికించవచ్చన్నది దాని సారం. వాళ్లు దాన్ని రొమ్ముకు వాడలేదు. ఆ పని 1990ల తొలినాళ్లలో న్యూ ఆర్లియన్స్‌లో రాబర్ట్ అలెన్ చేశాడు, 1994లో అచ్చువేశాడు.

ఇప్పుడు కత్తి వెంట లోపలికి వెళదాం.

పొత్తికడుపు లోతుల్లో, గజ్జ దగ్గర, కాలికి వెళ్లే పెద్ద ధమని నుంచి ఒక కొమ్మ బయల్దేరి నిలువు కండ వెనక నుంచి పైకి పాకుతుంది. దారిలో కండను చీల్చుకుని చిన్న చిన్న నాళాలను పైకి పంపుతుంది. అవి కండ మీది తెల్లటి గట్టి పొరలో సూదిబెజ్జాల్లాంటి రంధ్రాల గుండా బయటికొచ్చి కొవ్వుకు, చర్మానికి రక్తం ఇస్తాయి. ఏది ఎక్కడుందో ఒక్కో మనిషిలో ఒక్కో తీరు, ఒకే మనిషిలో కుడికీ ఎడమకూ కూడా పోలిక ఉండదు. అందుకే ముందుగా సీటీ యాంజియో తీస్తారు. చర్మం మీద డాప్లర్ పెన్ను ఆనించి, నెత్తురు హుష్ హుష్ మని పారే చోట చుక్క పెడతారు. మంచి నాళం దొరికిందంటే సగం పని అయినట్టే అని సర్జన్లు అంటుంటారు. అది సగం కంటే తక్కువేనని నాకనిపిస్తుంది. మిగతా పనిలో ఏం జరుగుతుందో చూడండి.

చర్మం, కొవ్వు పక్క నుంచి మెల్లగా లేపుతూ లోపలికి వస్తారు. ఎంచుకున్న నాళం కనబడగానే వేగం పడిపోతుంది. ఆ బెజ్జం చుట్టూ తెల్లపొరను కొద్దిగా తెరుస్తారు. కింద ఎర్రగా కండ. దాన్ని అడ్డంగా కోయరు. పోగులు ఏ దిక్కున నడుస్తున్నాయో ఆ దిక్కునే విడదీస్తూ, నాళం వెంట లోతుకు దిగుతారు. ఆ నాళం మందం ఒకటి రెండు మిల్లీమీటర్లే. అడుగడుగునా దాని నుంచి కండలోకి పిల్లకొమ్మలు పోతుంటాయి. ఒక్కోదానికి వెంట్రుకంత క్లిప్పు వేసి తెంపాలి. ఒక్కటి జారితే నెత్తురు చిమ్మి కండ అంతా మసకబారుతుంది, అసలు నాళం కనబడదు. తొందరపడి ఆపబోతే దానికే దెబ్బ.

ఇక్కడే ఈ పనిలో నాకు ఎక్కువ నచ్చిన మెళకువ ఉంది. నిలువు కండకు కదలమని చెప్పే నరాలు పక్కటెముకల మధ్య నుంచి వచ్చి, పక్క వైపు నుంచి కండలోకి దూరుతాయి. కొన్నిచోట్ల అవి సరిగ్గా మన నాళానికి అడ్డంగా దాటుతాయి. నరాన్ని కోసేస్తే పని చిటికెలో అయిపోతుంది. రొమ్ముకు వచ్చే నష్టమేమీ లేదు, ఆ రోజు ఎవరికీ తెలియదు కూడా. కానీ నరం పోయిన కండ ఉండీ లేనట్టే. నెలలు గడిచేసరికి సన్నబడి వదులవుతుంది. అందుకని చేయి తిరిగిన సర్జన్ నరాన్ని పక్కకు జరిపి ఉంచి, నాళాన్ని అడుగుదాకా విడదీసి, చివర తెంపాక దాన్ని నరం కింద నుంచి దూర్చి బయటికి తీస్తాడు. ఫొటోలో కనబడని, బిల్లులో రాయని పని ఇది. ఆమె రెండేళ్ల తరువాత నెల తప్పితే, ఏడో నెలలో పొట్టను పట్టి ఉంచేది ఈ అదనపు అరగంటే.

నాళం పొడవు చాలినంత వచ్చాక మొదలు దగ్గర క్లిప్పు పడుతుంది. అప్పటి నుంచి ఆ కొవ్వు ముద్దలో రక్తం లేదు, గడియారం నడుస్తుంటుంది. ఛాతీ దగ్గర రెండో బృందం అప్పటికే ఎదురుచూస్తుంటుంది. మూడో పక్కటెముక దాపున మృదులాస్థి ముక్క తీసి, దాని వెనక దాగిన ధమనిని, సిరను బయట పెట్టి ఉంచుతారు. వాటి అడ్డుకొలత రెండు మూడు మిల్లీమీటర్లు. కుట్టాల్సిన నాళం నిలకడగా ఉండదు. కింద గుండె కొట్టుకుంటోంది, ఊపిరితిత్తులు నిండుతున్నాయి, మైక్రోస్కోపులో ఆ చోటంతా పైకీ కిందికీ ఊగుతుంటుంది. ఆ ఊపు తెలిసి, దానితోపాటు చేయి కదలాలి.

నాళాన్ని నాళంతో కుట్టడం మనిషికి నేర్పినవాడు అలెక్సిస్ కారెల్. ఫ్రాన్స్‌లోని లియాన్ ఆయన ఊరు, పట్టు మగ్గాల ఊరు. 1894లో అక్కడే ఫ్రెంచి అధ్యక్షుడు సాది కార్నోను ఒకడు కత్తితో పొడిస్తే, తెగిన సిరను కుట్టే విద్య ఎవరికీ రాక ఆయన ప్రాణం పోయింది. కారెల్ ఆ విద్యను వైద్యుల దగ్గర వెతకలేదు. ఊళ్లో ఎంబ్రాయిడరీ పని చేసే మదామ్ లెరుదియే దగ్గర సన్నసూదితో, పట్టుదారంతో కుట్టడం నేర్చుకున్నాడు. గుండ్రటి నాళపు అంచుకు మూడు చోట్ల మూడు కుట్లు వేసి లాగితే గుండ్రం త్రికోణమవుతుంది, అప్పుడు ఒక్కో పక్కను తిన్నగా కుట్టుకుంటూ పోవచ్చు అన్న ఉపాయాన్ని 1902లో ప్రచురించాడు. 1912లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. కుట్టుపని నేర్పిన ఆవిడకు ఏ బహుమతీ రాలేదు.

సిరిసిల్లలో వైపని చేసేవాళ్లను చూసినవారికి ఈ సంగతి వింతగా అనిపించదు. సాంచా (మరమగ్గం) మీద పాత బీము అయిపోవస్తే, కొత్త బీములోని వేల పోగులను పాతవాటితో ఒక్కొక్కటిగా అతుకుతారు. అతుకు లావైతే పన్నెలో ఇరుక్కుంటుంది, వదులైతే తెగిపోతుంది. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన నల్ల పరంధాములు ఊరు అది. మైక్రోస్కోపు కింద జరిగేదీ అదే జాతి పని, కాకపోతే ఇక్కడ అతకాల్సింది పోగును కాదు, లోపల నెత్తురు పారాల్సిన గొట్టాన్ని. దారం 9-0 నైలాన్, మందం దాదాపు మిల్లీమీటరులో ముప్పైవ వంతు, తల వెంట్రుక కంటే సన్నం. ధమనికి ఎనిమిది పది కుట్లు పడతాయి. ఒక్క కుట్టులో సూది అవతలి గోడను కూడా పట్టేస్తే దారి మూసుకుపోయినట్టే. లోపలికి మడత పడిన అంచు మీద నెత్తురు గడ్డకడుతుంది. సిర గోడ మరీ పలచన, తడి కాగితంలా ముడుచుకుంటుంది. అందుకే చాలామంది సిరకు కుట్లు మాని, చుట్టూ చిన్న ముళ్లున్న రెండు ఉంగరాలతో జోడిస్తున్నారు.

క్లిప్పులు తీసే నిమిషం గురించి ఎవరు రాసినా కొంచెం నాటకీయంగానే రాస్తారు, నేను తగ్గించి చెబుతాను. పాలిపోయిన చర్మం లేత గులాబీ రంగుకు వస్తుంది. అంచున సూదితో గుచ్చితే ఎర్రటి చుక్క నిలుస్తుంది. వేలితో నొక్కి వదిలితే రెండు మూడు సెకన్లలో రంగు తిరిగొస్తుంది. అంతే. ఆ తరువాత రెండు రాత్రులు ఆ రంగును గంట గంటకూ చూసేది నర్సులు. చర్మం నీలంగా మారినా, చల్లబడినా, డాప్లర్ శబ్దం ఆగినా అర్ధరాత్రయినా మళ్లీ ఆపరేషన్ థియేటర్‌కే. మంచి కేంద్రాల్లో పూర్తిగా చెడిపోయేవి నూటికి ఒకటి రెండు మాత్రమే అంటే, ఆ లెక్కలో సగం పేరు నర్సులది.

పొట్ట మూయడం చివరి పని. అలసిపోయిన చేతులతో చేసే పని కాబట్టే అసలు పరీక్ష. కండ పోగులు వాటంతటవే దగ్గరకొస్తాయి. తెల్లపొరను గట్టి దారంతో, ఒక్క మిల్లీమీటరు చర్మాన్నో కొవ్వునో ఇరికించకుండా కుడతారు. పై చర్మాన్ని కిందికి లాగుతారు. బొడ్డు మాత్రం ఎక్కడిదక్కడే, తన కాడ మీద ఉంటుంది. దిగిన చర్మంలో కొత్త రంధ్రం చేసి దాన్ని బయటికి తెచ్చి కుడతారు. ఈ చిన్న ముక్క సరిగ్గా లేకపోతే ఎంత మంచి పనైనా అతుకులబొంతే. మొత్తం ఆరు నుంచి ఎనిమిది గంటలు.

ఇక ఆ పెద్దమ్మ ప్రశ్నకు జవాబు. ఇలాంటి ఆపరేషన్ల తరువాత గర్భం దాల్చిన స్త్రీల గురించి వైద్య పత్రికల్లో వచ్చినవి ఎక్కువగా ఒకరిద్దరి, కొద్దిమంది కథలే. పెద్ద లెక్కలు లేవు. ఉన్నవి మాత్రం ధైర్యమిచ్చేవే. ట్రామ్ తరువాత కూడా ఎక్కువమంది నెలలు నిండి కన్నారు, మామూలు కాన్పులూ ఉన్నాయి. డీప్‌లో కండ, నరం మిగులుతాయి కాబట్టి ఆశ ఇంకొంచెం ఎక్కువ. కనీసం ఏడాది ఆగమని సర్జన్లు చెబుతారు, మచ్చ గట్టిపడాలి గనుక. చర్మం తగ్గింది కాబట్టి పొట్ట బిగుతుగా తోస్తుంది. ఆపరేషన్ అయిన పొట్ట అనే ఒక్క కారణంతో సిజేరియన్ తప్పనిసరి కాదన్నది మన దగ్గర గట్టిగా చెప్పాల్సిన మాట. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లే. కోయడానికి ఇంకో సాకు అందించాల్సిన పని లేదు.

పొట్ట సిద్ధమైనంత మాత్రాన ఒళ్లు సిద్ధమైనట్టు కాదు. హార్మోన్ రకం క్యాన్సర్‌కు టామాక్సిఫెన్ లాంటి మందులు ఐదు నుంచి పదేళ్లు వాడాలి. వాటి మీద ఉండగా గర్భం రాకూడదు, బిడ్డకు హాని. ఈ ముడిని కొంత విప్పింది పాజిటివ్ అన్న పరిశోధన. ఆన్ పార్ట్రిడ్జ్ నాయకత్వంలో జరిగి 2023లో ఫలితాలు వచ్చాయి. 42 ఏళ్లలోపు 516 మంది స్త్రీలు, 18 నుంచి 30 నెలలు మందు వాడాక, బిడ్డ కోసం రెండేళ్ల దాకా ఆపారు. మూడేళ్లలో క్యాన్సర్ తిరగబెట్టింది 8.9 శాతం మందిలో. ఆపకుండా వాడినవారితో పోల్చిన లెక్క 9.2. మొత్తం 365 మంది పిల్లలు పుట్టారు. అయితే ఇది మూడేళ్ల లెక్కే. ఈ రకం క్యాన్సర్ పదేళ్ల తరువాత కూడా తిరగబెట్టగలదు. హెర్-2 రకం క్యాన్సర్‌కు ట్రాస్టుజుమాబ్ తీసుకున్నవాళ్లు చివరి ఇంజెక్షన్ తరువాత ఏడు నెలలు ఆగాలి.

మందు ఆపడానికి రెండేళ్ల వ్యవధి అంటే కాగితం మీద ఎక్కువే. జగిత్యాల, కోరుట్ల, ధర్మపురి ఇళ్లలో భర్త దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటాడు, ఏడాదికో రెండేళ్లకో నెలా రెండు నెలల సెలవు మీద వస్తాడు. డాక్టర్ ఇచ్చిన గడువూ కంపెనీ ఇచ్చిన సెలవూ కలవాలి. ఈ లెక్క ఏ పరిశోధనలోనూ లేదు, మన క్యాన్సర్ వైద్యులు అడిగి తెలుసుకోవాలి.

కీమో అండాశయాన్ని దెబ్బతీస్తుంది కాబట్టి, మొదటి కీమోకు ముందే అండాలనో పిండాలనో తీసి గడ్డకట్టించి దాచుకోవచ్చు. దానికి రెండు వారాలు చాలు. గడ్డకట్టించిన పిండం నుంచి బిడ్డను పుట్టించిన తొలి ఘనత మన దేశానిదే. 1978 అక్టోబరు 3న కలకత్తాలో సుభాష్ ముఖోపాధ్యాయ్ చేతుల మీదుగా దుర్గ పుట్టింది, ఆయనను బతికుండగా ఎవరూ నమ్మలేదు. మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు పేరు కూడా ఇక్కడ తలవాలి. అమెరికాలోని లెడర్లీ మందుల కంపెనీలో ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్ తయారుచేసింది, దానికి విరుగుడుగా మెథోట్రెక్సేట్‌నూ తెచ్చింది. రొమ్ము క్యాన్సర్ కీమోలో చాలాకాలం నడిచిన సీఎంఎఫ్ మందుల్లో మధ్యది అదే. నెల తప్పిన ఆడబిడ్డకు ఆశా కార్యకర్త ఇచ్చే గోళీలో ఉండేది ఫోలిక్ యాసిడ్. రెండూ ఒకే బల్ల మీంచి వచ్చాయి.

ధర్మపురికి వచ్చినవాళ్లకు యమపురి లేదని సామెత. గుళ్లో యముడికే గుడి కట్టుకున్న ధైర్యం మనది. కానీ రొమ్ములో గడ్డ చేతికి తగిలిన మనిషి గోదావరిలో మునిగి ఊరుకోకుండా రెండు వందల కిలోమీటర్లు దాటి హైదరాబాదు పోవాలి. 1955లో మొదలైన ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, 2000లో తెరిచిన బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, 2007 నుంచి డాక్టర్ రఘురాం నడిపే కిమ్స్ ఉషాలక్ష్మి రొమ్ము వైద్య కేంద్రం ఉంది. పేరు తెలిసిన ఆసుపత్రులు ఇన్ని ఉన్నా, రొమ్ము తీయించుకున్న మనవాళ్లలో తిరిగి కట్టించుకునేది కొద్దిమందే. ఖర్చు ఒక కారణం, 'కరెంటు (రేడియేషన్) పెట్టించుకున్నంక ఇంకో ఆపరేషనా' అన్న భయం ఇంకొకటి, అసలు ఎవరూ చెప్పకపోవడం మూడోది. ఈ మూడోదాన్ని 2022లో వచ్చిన జగిత్యాల మెడికల్ కాలేజీ, ఆ మరుసటేడు వచ్చిన సిరిసిల్ల కాలేజీ తీర్చగలవు.

డీప్ అందరికీ కుదరదు. బక్కపలచని పొట్టలో సరుకు ఉండదు. అప్పుడు వీపు కండో, తొడ లోపలి కొవ్వో, సిలికాన్ ఇంప్లాంటో. ఇంప్లాంటు తక్కువ ఖర్చు, పొట్టను ముట్టుకోదు, కానీ కరెంటు పెట్టిన ఛాతీలో దాని చుట్టూ గట్టి పొర బిగుసుకునే ముప్పు ఎక్కువ. పైగా కట్టిన రొమ్ము ఏదైనా సరే పాలు ఇవ్వదు. బిడ్డ రెండో రొమ్ము తాగాలి, ఒక్క రొమ్ముతో బిడ్డను సాకడం సాధ్యమే.

పొట్ట కొవ్వుతో కట్టిన రొమ్ముకు ఒక చిత్రమైన గుణం ఉంది. అది పొట్ట స్వభావాన్ని మరిచిపోదు, ఆమె బరువు పెరిగితే అదీ పెరుగుతుంది. గర్భంతో ఉన్నప్పుడు అటు పక్క రొమ్ము పాల కోసం నిండుతుంది, ఇటుది ఒంటి బరువును బట్టి మారుతుంది, రెండింటి కొలతా తప్పుతుంది. పాలు మాన్పించాక సొంత రొమ్ము మళ్లీ తగ్గి జారుతుంది. ఇది తెలిసిన సర్జన్, బిడ్డ కావాలన్న మనిషికి మొదటిసారే రెండూ ఒక్కలా కుదిరేలా చెక్కాలని పట్టుబట్టడు. కాస్త తేడాను అలాగే ఉంచుతాడు. చర్మాన్ని మడిచి చనుమొన చేసే పని, దాని చుట్టూ నల్లటి వలయం టాటూ వేసే పని, రెండో రొమ్మును పైకి ఎత్తి సరిచేసే పని, ఇవన్నీ బిడ్డ పాలు మానిన తరువాతికి వాయిదా వేసి కేసు షీటులో రాసిపెడతాడు.